ఇంగ్లండు ఒడ్డున రెండు తలుపుల గది

ఆపా పోయిందని మొన్న కబురొచ్చింది. ముసలితనంతో, మంచం మీద, నిద్రలోనే పోయిందట. ఆ మాట విన్నాక నాకు ఏడుపు రావడానికి ముందు హమ్మయ్య అనిపించింది. మనిషి పోతే హమ్మయ్య అనుకోవడమేమిటి పాపిష్టిదానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆమెను ఆ రోజుల్లో ఎరిగినవాళ్లు ఎవరైనా ముందు అదే అనుకుంటారు. ఎనభైల్లో నరసరావుపేటలో ఆమె పక్క కుర్చీలో కూర్చుని పనిచేసినన్నాళ్లూ, ఈమె నిద్రలో పోయేదాకా బతుకుతుందని నేను ఒక్క పూటైనా నమ్మలేదు.

ఊరంతా ఆమెను టైపు ఆపా అనేవారు. ముస్లింల ఇళ్లల్లో అక్కను ఆపా అంటారు. ముస్లిం పిల్లలు, హిందువుల పిల్లలు, చర్చి వీధి పిల్లలు, ఆమెకంటే పెద్దవాళ్లయిన ఆఫీసు గుమాస్తాలు కూడా ఆపా అనే పిలిచేవారు. తండ్రి టైపు మిషన్లు బాగుచేసే మెకానిక్. బాగుకు ఇచ్చినవాళ్లు తిరిగొచ్చి తీసుకుపోని మిషన్లన్నీ ఇంట్లో పోగుపడ్డాయి. ఆయన పోయాక ఆపా వాటినే వరసగా బల్లల మీద పెట్టి టైపు ఇన్‌స్టిట్యూట్ తెరిచింది. ఒక్కో మిషన్‌కు ఒక్కో అవలక్షణం. ఒకదానికి వరస చివర గంట మోగదు. ఒకటి పెద్దక్షరాలను వరస తప్పించి పైకి ఎగరేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ముందు ఆ మిషన్ గుణం చెప్పి, తరువాత పాఠం చెప్పేది. "పెళ్లికి ముందే అత్తగారి సంగతి చెబుతున్నా, తరవాత నన్ననొద్దు" అనేది.

నేను సత్తెనపల్లి పిల్లను. కొత్త కోడలిగా ఆ ఊరొచ్చి, ఇంట్లో అత్తగారి ఎదురుగా రోజంతా కూర్చోలేక, టైపు హయ్యరు పరీక్ష పాసైన ధైర్యంతో ఆపా దగ్గర నేర్పే పనికి కుదిరాను. ఎరువుల కొట్టు పైన ఒకే గది. వీధి వైపు ఒక కిటికీ. ఇరుకు మెట్లు. వచ్చినా పోయినా ఆ ఒక్క తలుపే. ఆ ఒక్క తలుపు సంగతి మొదట్లో నేను పట్టించుకోలేదు. తరువాత దాన్ని తలుచుకోని రోజు లేదు.

ఆపా మనుషుల ముఖాలు పెద్దగా చూసేది కాదు. వేళ్లు చూసేది. గదిలో నడుస్తూ, అందరి వెనకా ఆగుతూ, వంగిన మణికట్టును పెన్సిలు చివరతో పైకి లేపేది. "కళ్లు కాగితం మీద ఉండాలి, వేళ్లు అక్షరాల మీద ఉండాలి, భయం కుర్చీ కింద ఉండాలి" అనేది. ఆమె వేళ్లకు మాత్రం ఖాళీ అనేది ఉండేది కాదు. కిటికీలోంచి కూరల బేరం చేస్తున్నా, నాతో మాట్లాడుతున్నా, అవి ఒళ్లోనో బల్ల అంచు మీదో ఏదో కొడుతూనే ఉండేవి. ఏం కొడుతుందో కొన్నాళ్లకు నాకు తెలిసిపోయింది. సముద్రం పాఠం.

అది అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు అభ్యాసాల పుస్తకంలో, వేగం పెరగడానికి కొట్టించే ఒక స్పీడు పాసేజి. ఇంగ్లండు సముద్ర తీరంలో విశ్రాంతిగా సెలవు గడపాలంటే ముందుగా ఏమేం చూసుకోవాలో చెబుతుంది. పేరున్న పెద్ద ఊరు వద్దు, చిన్న ఊరు ఎంచుకోమంటుంది. సముద్రం వైపు గది ముందే అడిగిపెట్టుకోమంటుంది. ఎండాకాలమైనా ఉన్ని బట్టలు మరిచిపోవద్దంటుంది. పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అని అక్కడ చేపలు పట్టే పల్లెకారులను అడగమంటుంది. మా వడగాడ్పుల్లో, చెమట కారి కీల మీద వేళ్లు జారుతుండగా, పల్నాటి పిల్లలందరూ ఉన్ని బట్టల గురించి టకటకా కొట్టేవారు. నాకు నవ్వొచ్చేది. ఆపాకు నవ్వు రాదు. ఆమె నిజంగానే ఆ సెలవు ఏర్పాట్లు చేసుకునేది.

ఎందుకో చెప్పాలంటే కిటికీ సంగతి చెప్పాలి.

నేను చేరడానికి ముందటి వేసవిలో, మిట్టమధ్యాహ్నం, ఆ కిటికీ కింద ఒక మనిషిని నరికేశారు. పత్తికి పురుగుమందు కొనుక్కోవడానికి పల్లె నుంచి వచ్చిన మనిషి. అతని పల్లెలో రెండు వర్గాలున్నాయి, రెండో వర్గంవాళ్లు జీపులో వచ్చారు. పోలీసులు వచ్చి వీధంతా అడిగితే ఒకాయన నిద్రపోతున్నానన్నాడు, ఒకాయన అన్నం తింటున్నానన్నాడు. మధ్యాహ్నం పూట కొట్టు తెరిచిపెట్టి అంతమంది ఎలా నిద్రపోయారో ఆ దేవుడికే తెలియాలి. పైకెక్కి ఆపాను అడిగారు. చూశానంది. నలుగురి ఆనవాళ్లు చెప్పింది. జీపు దగ్గర ఇంకొకడు నిలబడ్డాడనీ, వాడెవరో తెలియదనీ చెప్పింది. నలుగురినీ పట్టుకున్నారు. ఆమె సాక్షి. కేసు గుంటూరు కోర్టులో నడవాలి.

నేను ఒకసారి అడిగాను. "చూడలేదని చెప్తే పొయ్యేది గదా ఆపా."

"అడిగారు, చెప్పా. చూళ్ళేదంటే ఆ కిటికీ రోజూ ఎట్టా తెరవను అమ్మాయ్?"

అంతే చెప్పింది. పెద్ద వీరనారి అనుకునేరు. నేను చూసిన మనుషుల్లో ఆమెంత పిరికిది లేదు. భయం ఆమెను జ్వరం పట్టుకున్నట్టు పట్టుకుంది. వీధిలో జీపు ఆగితే పెన్సిలు జారవిడిచేది. ఎండ ఉండగా రోడ్డు మీదకు వచ్చేది కాదు. తెల్లవారుతూనే వచ్చి తలుపేసుకునేది, దీపాలు పెట్టాక మేనల్లుడు వస్తే అతని వెనక గోడ వారగా ఇంటికి పోయేది. తెలియని అడుగులు మెట్ల మీద వినపడితే మాత్రం ఒక పని చేసేది. నా వైపు తిరిగి, గొంతు మామూలుగా పెట్టి, "గది సంగతి ఏమయింది అమ్మాయ్?" అని అడిగేది.

నేను జవాబు చెప్పాలి. "సముద్రం వైపే అడిగాను ఆపా. పై అంతస్తు."

"తువ్వాళ్లు వాళ్లిస్తారా, మనం తీసకపోవాలా?"

"వాళ్లే ఇస్తారంట."

ఆ లోపల అడుగులు పైకి వచ్చేవి. ఏ పోస్టుమనో, ఫీజు వివరాలు అడగడానికి వచ్చిన ఏ తండ్రో. ఆమె ఊపిరి వదిలేది. ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పీ చెప్పీ నాకూ ఆ ఊరు కళ్లకు కట్టింది. సత్తెనపల్లి దాటి గుంటూరు తప్ప ఎరగనిదాన్ని, ఇంగ్లండు ఒడ్డున మధ్యాహ్నం టీ ఎక్కడ బాగుంటుందో చెప్పగలిగేదాన్ని.

అసలు ఆపా జన్మలో సముద్రమే చూడలేదు. ఒకసారి అన్నాను, సూర్యలంక ఎంత దూరం, బాపట్ల దాకా బస్సులో పోతే సాయంత్రానికి నీళ్లలో కాళ్లు పెట్టొచ్చు, ఒక ఆదివారం పోదామని. ఆమె తల అడ్డంగా ఊపింది.

"దగ్గర ఊళ్లకి వాళ్లూ వస్తారు."

ఆ తరువాత నేను సూర్యలంక మాట ఎత్తలేదు.

దసరాకి పిల్లలు మిషన్లన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టి బెల్లం పంచుకునేవారు. ఆపా కూడా తన ముక్క తినేది. ఒక ఏడాది ఆ కుంకుమ ఇంకా కీల సందుల్లో ఉండగానే ఒకతను చేరాడు. పాతికేళ్లుంటాయి. తెల్ల చొక్కా, చేతికి రాగి కడియం. ఫీజు కట్టి, తలుపు పక్క మిషన్ కావాలన్నాడు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే అతన్ని దాటకుండా ఎవరూ బయటికి పోలేరు. మిషన్ మీద చేతులు పెట్టుకుని, ఒక్క అక్షరం కొట్టకుండా, ఆపా వంక చూస్తూ గంట కూర్చుని వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే.

మూడో రోజు అతను దిగి పోయాక ఆపా నన్ను కిటికీ దగ్గరకు పిలిచి మెల్లిగా చెప్పింది.

"జీపు కాడ నిలబడ్డది ఇతనే."

నాకు ఎందుకు చెప్పావే తల్లీ అని మనసులో అనుకున్నాను, అబద్ధమెందుకు. ఇప్పుడు నేనూ తెలిసినదాన్నయ్యాను. ఇంటికెళ్లి మా ఆయనకు చెబితే ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "పులి వచ్చి నోరు తెరుచుకుని కూచుంటే మీరు దానికి పాఠం చెబుతున్నారా" అన్నాడు. వ్యవసాయశాఖలో గుమాస్తా ఆయన, పులిని కాగితం మీద కూడా చూసిన మనిషి కాదు. పని మానేయమన్నాడు. మానేస్తే నాకు తెలిసిందని అతనికి తెలుస్తుంది కదా అన్నాను. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

మర్నాడు అతను వచ్చి కూర్చున్నాడు. ఆపా గదంతా ఒక చుట్టు తిరిగి, అతని వెనకకు వచ్చి ఆగింది. పెన్సిలుతో అతని మణికట్టు పైకి లేపింది. తరువాత తన చేత్తోనే ఒక్కో వేలూ పట్టుకుని మధ్య వరస అక్షరాల మీద పెట్టింది.

"ఫీజు కట్టావు. ఊరికే కూచుంటే మీ అమ్మ తిడతది నాయనా. కొట్టు" అంది.

అతను తెల్లబోయాడు. ఆమెను బెదరగొట్టడానికి ఏ పెద్దమనిషో పంపితే వచ్చాడు. టైపు కొట్టమంటే ఏం చేయాలో వాళ్లు చెప్పి పంపలేదు. ఒక వేలు కదిలించాడు.

అలా మొదలైంది. మనసు పెట్టి నేర్చుకున్నాడని చెప్పను, కానీ నేర్చుకున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు సరిగా లేచేది కాదు, ఎప్పుడో దెబ్బ తగిలిందట. దానికి ఆపా వేరే అభ్యాసం పెట్టింది. అందరూ వెళ్లిపోయినా కొంతసేపు కూర్చునేవాడు. అతను కూర్చుంటే మేమూ కూర్చోవాలి. తలుపు అతని పక్కనే ఉంది మరి. శీతాకాలానికి సముద్రం పాఠం దాకా వచ్చాడు.

మొదటిరోజు సగం కొట్టి ఆగి, "ఇదేంది ఆపా, ఏం చెప్తంది ఇందులో?" అని అడిగాడు. ఆపా తెలుగులో చెప్పింది. చిన్న ఊరు, సముద్రం వైపు గది, విశ్రాంతి. అతను శ్రద్ధగా విన్నాడు.

"ఆ గదికి తలుపులెన్ని?"

"అది రాయలేదు."

"రెండుండాల. ఒకటే అయితే ఎవుడన్నా గడెపెడితే లోపలోడు లోపలే."

గదిలో ముగ్గురమే ఉన్నాం, ఒకటే తలుపు. ఆపా వేళ్లు బల్ల అంచు మీద కొడుతున్నాయి.

"సరే, రెండు తలుపులది అడుగుదాం" అంది. "ఒకటి మెట్ల మీదకి, ఒకటి ఒడ్డు మీదకి."

"పై అంతస్తు మంచిది కాదు. దూకాల్సి వస్తే కాళ్లిరుగుతయ్."

"కిందయితే సముద్రం కనపడదు నాయనా."

"కనపడకపోతేనేం, ఇనపడుద్ది గదా."

ఆ రోజు నుంచి రోజూ కాసేపు అదే మాట. ప్రపంచంలో ఎవరూ సెలవుకు అలా ఏర్పాట్లు చేసుకుని ఉండరు. ఒడ్డున కుర్చీ వేసుకుంటే వీపు ఎటుండాలి? సముద్రం వైపే ఉండాలంటాడు, నీళ్లలోంచి ఎవడూ రాడు కాబట్టి. మరి సముద్రం చూడటానికి పోయి దానికి వీపు పెట్టుకు కూర్చోవడమేంటని ఆపా. నీళ్ల వైపు తిరిగి కూర్చున్నా వెనక కొండ ఉంటుంది కదా, రక్ష అంటుంది ఆపా. కొండ మీద నుంచి రాయి దొర్లిస్తేనో అంటాడు. రైలు దిగి ఊళ్లోకి ఒక దారిన పోతే రావడం ఇంకో దారిన రావాలంటాడు. ఏ బస్సుకు పోతున్నామో గది అద్దెకిచ్చిన ఇంటామెకు కూడా చెప్పొద్దంటాడు. ఆపా ఒక్కోటీ ఆలోచించి ఒప్పుకునేది, లేదా బేరమాడేది. నేను వింటూ మిషన్లకు గుడ్డలు కప్పేదాన్ని. నవ్వొచ్చేది, వెంటనే భయం వేసేది. కొన్నాళ్లకు నాకు ఒక సంగతి అర్థమయింది. ఆ పిల్లాడూ భయపడుతున్నాడు. అవతలివాళ్లకు ఎప్పుడు దొరుకుతానో అని ఒక భయం. చెప్పిన పని చేయకపోతే తనవాళ్లే ఏం చేస్తారో అని ఇంకో భయం. ఆ గదిలో మేం ముగ్గురం ఉన్నాం, ముగ్గురం బిక్కచచ్చి ఉన్నాం. నాకు అతని మీద జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా భయం వేసింది.

కోటప్పకొండ తిరునాళ్లయిన మర్నాడు ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో కొండ ప్రసాదం, చంకలో పండుమిరపకాయల సంచి. "మా వాడికి టైపు నేర్పేది నువ్వేనా తల్లీ" అంది. తలుపు పక్క మిషన్ దగ్గరున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. అతని తల్లి.

ఆమె ఆపా ఎదురుగా కింద కూర్చుంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"వాడి నాయన ఈ పగల్లోనే పొయ్యాడమ్మా. వీడు గూడా ఆళ్ల జీపులో తిరుగుతా ఉంటే నాకు అన్నం దిగేది కాదు. టైపుకు పోతన్నానే అన్నాడు. నేను నమ్మలా. ఇయ్యాల కళ్లతో చూశా. తాలూకాఫీసులో ఏదన్నా కొలువొస్తదా వీడికి?"

"పరీక్ష పాసయితే ఎందుకు రాదు" అంది ఆపా.

"నీ చేతుల్లో పెట్టా తల్లీ. నువ్వు ఎట్టా దిద్దితే అట్టా."

వాడిని పంపినవాళ్లు ఈ ఒక్కటి లెక్కలోకి తీసుకోలేదు. సాక్షిని బెదిరించడానికి పోతున్నానని ఏ కొడుకూ తల్లికి చెప్పడు. టైపుకు పోతున్నానన్నాడు. తల్లి నమ్మింది, గురువుకు ప్రసాదం తెచ్చింది. ఆమె వెళ్లిపోయాక ఆపా ఆ మిరపకాయల సంచిని తన బల్ల కిందికి జరిపింది. ఆ రోజు సముద్రం మాట ఎవరూ ఎత్తలేదు.

ఎండలు ముదిరాక కోర్టు నుంచి సమను వచ్చింది. వాయిదా ముందురోజు అతను అందరూ వెళ్లేదాకా ఆగాడు. పాఠం మొత్తం కొట్టిన కాగితాన్ని మిషన్ లోంచి తీసి ఆపా ముందు పెట్టాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చూసింది. తప్పుల్లేవు.

"ఆపా, రేప్పొద్దున నువ్వు ఆడికి పో" అన్నాడు.

"యాడికి?"

"ఇంగ్లండుకి. రెండు తలుపుల గదికి. రేపొక్కరోజు పో. ఎవరడిగినా ఊళ్లో లేదని అమ్మాయి చెప్పుద్ది."

కళ్లెత్తి చూడకుండానే అన్నాడు. గొంతు పెంచలేదు. అంత మెత్తగా బెదిరించగా నేను మళ్లీ ఎక్కడా వినలేదు. బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో అతనికే తెలుసో లేదో. ఆపా కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది.

"రేపు గుంటూరు పోవాల నాయనా. సమనొచ్చింది" అంది. కొంచెం ఆగి, "నన్ను అడిగితే చూసినదంతా చెప్పాల్సి వస్తది. నువ్వు కోర్టుకు రాబాక" అంది.

అతను ఆమె వంక చూశాడు. తను ఎవరో ఆమెకు మొదటి నుంచీ తెలుసని ఆ మాటతో అర్థమై ఉంటుంది. తలుపు తెరిచి మాకు దారి ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

కోర్టుకు నేను వెళ్లలేదు. ఏం జరిగిందో ఆపా తిరిగొచ్చాక నాలుగు మాటల్లో చెప్పింది. నలుగురినీ చూపించింది. జీపు దగ్గర ఉన్నదెవరు, ఇప్పుడైనా చెప్పగలవా అని అడిగారు. అతను వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రావద్దన్నా వచ్చాడు. రాకపోతే తనవాళ్లు ఊరుకోరు కాబోలు. ఆమె చెయ్యెత్తి చూపించింది. నా దగ్గర టైపు నేర్చుకుంటున్న అబ్బాయి అని చెప్పింది. అతన్నీ ముద్దాయిగా చేర్చమని జడ్జి చెప్పాడు, అక్కడే పట్టుకున్నారు. ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె వేళ్లు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. అలా ఉండగా నేను అదే మొదటిసారి చూడటం.

"నేను రాబాకన్నా గదా" అని మాత్రం ఒకటికి రెండుసార్లు అంది.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కు ఒక్క పిల్లాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కింద ఎరువుల కొట్టాయన, గది ఖాళీ చేస్తే మంచిదేమో ఆపా అని నసిగాడు. మా అత్తగారు నా చెప్పులు దాచేసింది. నేను ఆవిడ చెప్పులే వేసుకుని వెళ్లాను. ధైర్యం ఉండి కాదు. ఆమె ఒక్కతే ఆ ఒక్క తలుపు గదిలో కూర్చుని ఉందనే తలపు ఇంట్లో నన్ను కూర్చోనిచ్చేది కాదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, మిషన్లకు నూనె వేసి, వేసినవాటికే మళ్లీ వేసేవాళ్లం.

ఒక పూట జీపు వచ్చి కింద ఆగింది. ఇంజను ఆపలేదు. నేను కిటికీ పక్క నుంచి తొంగి చూశాను. నలుగురైదుగురు మగవాళ్లు, పై గుడ్డలు మెడ చుట్టూ వేసుకుని. ముందు సీట్లోంచి ఆ తల్లి దిగింది. ఒకడు ఆమెతో ఏదో అన్నాడు, ఆమె వినిపించుకోలేదు. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి.

ఆపా గది సంగతి అడుగుతుందేమోనని నేను ఎదురుచూశాను. అడగలేదు. లేచి నిలబడింది.

పెద్దావిడ గుమ్మం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. జుట్టు ముడి వేసుకోలేదు. నేరుగా ఆపా ముఖంలోకి చూసింది.

"పోలీసోళ్లు ఒకటి చెప్పారు. మా మరిది ఒకటి చెప్పాడు. ప్లీడరు ఇంకోటి చెప్పాడు. నేను ఎవురి మాటా నమ్మలా. నా బిడ్డను నీ చేతుల్లో పెట్టా. నువ్వు చెప్పు. వాడు ఆ రోజు ఆడున్నాడా?"

కోర్టులో చెప్పింది చాలదన్నట్టు ఇప్పుడు ఇక్కడ చెప్పాలి. కింద జీపు గుర్రుగుర్రుమంటోంది. లేదు అంటే ఆ తల్లి చల్లబడుతుంది. ఏదో పొరబాటు పడ్డానమ్మా అంటే వాళ్లూ వెళ్లిపోతారేమో. నేనైతే అనేదాన్ని. ఆ క్షణంలో ఆపా అనాలని దేవుళ్లందరికీ మొక్కాను.

"ఉన్నాడమ్మా" అంది ఆపా.

"కత్తి పట్టాడా?"

"లేదు. జీపు కాడ నిలబడ్డాడు. కోర్టులో గూడా అంతవరకే చెప్పా."

"మరి టైపుకు పోతన్నానన్నాడే నాతో."

"అదీ నిజమేనమ్మా. రోజూ వచ్చాడు. బాగా నేర్చుకున్నాడు."

పెద్దావిడ తలుపు పక్క మిషన్ వైపు చూసింది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. కింద నుంచి హారను మోగింది.

"మంచినీళ్లు ఉన్నయ్యా తల్లీ?" అని అడిగింది.

మా పల్నాట్లో పగ ఉన్న గుమ్మంలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసినా, ఒకరి కుండలో నీళ్లు ఇంకొకరు తాగేదాకా ఆ రాజీని ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఆపాకు తెలుసు, నాకు తెలుసు, కింద ఉన్నవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఆపా కూజాలోంచి గ్లాసులోకి వంచుతుంటే సగం నీళ్లు నేల మీద పోయాయి. గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది.

పెద్దావిడ గ్లాసు తీసుకుంది. ఉన్నచోట తాగలేదు. గదికి అడ్డంగా నడిచి కిటికీ దగ్గరకు పోయింది. రెండు రెక్కలూ బార్లా తీసింది. కింద మగవాళ్లు తలలెత్తి చూస్తుండగా, ఎండలో నిలబడి, గ్లాసు ఎత్తి గటగటా మొత్తం తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ కిటికీలోంచి కదలకుండా వాళ్లనే చూస్తూ నిలబడింది.

కిందినుంచి ఎవడో ఒక బూతు మాట అన్నాడు. ఆ మాట ఆపాను కాదు, ఆ పెద్దావిడను. తరువాత జీపు పెద్దగా అరిచి, వెనక్కి తిరిగి, వెళ్లిపోయింది.

ఆమెను వదిలేసి వెళ్లిపోయింది. నాకది కాసేపటికి గానీ తట్టలేదు. ఇక ఆ ఇంట్లో ఆమెకు అన్నం ఎవరు పెడతారో, ఆ ఊళ్లో ఆమెతో ఎవరు మాట్లాడతారో ఆమెకు తెలియదా? తెలిసే పైకి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి ఆపా వైపు తిరిగింది.

"మా ఊరి బస్సు యాడ ఆగుద్దో నాకు తెలవదమ్మా. ఎప్పుడూ జీపులోనే తీసకొచ్చేవోళ్లు" అంది.

ఆపా చెప్పులు వేసుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. మిట్టమధ్యాహ్నం, వీధంతా చూస్తుండగా, ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు.